అడగని చెయ్యి

ఒక రాజ్యంలో ఒక ఇనుప బండి ఉండేది. అందులో నలుగురు మనుషులు కూర్చునేవారు.

ముందు బండి తోలేవాడు. పైన, గాజుకన్నులోంచి లోకాన్ని చూసేవాడు. ఫిరంగి పక్కన గురిపెట్టి కాల్చేవాడు. ఫిరంగి వెనక, అందరికంటే ఇరుకైన చోట, నడుం వంచి గుండ్లు అందించేవాడు. ఈ నాలుగోవాణ్ణి అందరూ వడ్డించేవాడు అనేవారు. సైన్యంలోకి రాకముందు అతని పని కూడా అదే. నది రేవు దగ్గర పల్లెలో పెళ్ళిళ్ళకీ దినాలకీ బంతులు వడ్డించేవాడు. అన్నం పెట్టే చేత్తో గుండ్లు అందించడం ఏమిటని ఎవరూ అడగలేదు. రాజుగారికి చేతులు కావాలి, అంతే.

గుండు బరువైనది. ఎంత బలవంతుడికైనా దాన్ని ఎత్తడానికి రెండు చేతులూ కావాలి. వడ్డించేవాడు దాన్ని అరలోంచి తీసి, చంటిపిల్లని ఎత్తుకున్నట్టు పొట్టకి ఆనించుకునేవాడు. వెంటనే ఫిరంగి వెనక ఉన్న నోట్లో పెట్టేవాడు కాదు. ముందు కాల్చేవాణ్ణి అడిగేవాడు.

"ఎవరికి, అల్లుడూ?"

"ఆ దిబ్బ మీద ఫిరంగి ఉంది మావా. దాని చుట్టూ ఉన్నవాళ్ళకి."

"సరే."

అప్పుడు పెట్టేవాడు. ఇద్దరికీ చుట్టరికం ఏమీ లేదు. ఏళ్ళ తరబడి ఒకే పొగ పీల్చడంవల్ల కలిసిన వరస అది.

ఒక్కోసారి కాల్చేవాడు విసుక్కుని, "ఎవరికేమిటి మావా, శత్రువుకి," అనేవాడు. వడ్డించేవాడు ఒప్పుకునేవాడు కాదు.

"బంతిలో ఎవరో లేచి 'జనానికి వెయ్యి' అంటే వేస్తామా? ఏ ఆకులో వెయ్యాలో చూపించు."

ఒకనాడు కాల్చేవాడు ఒక గుడిసెని చూపించాడు. గుండు అప్పటికే ఫిరంగి నోట్లో సగం దూరింది. "గుడిసెలో ఎవరు?" అని అడిగాడు వడ్డించేవాడు. కాల్చేవాడు మళ్ళీ చూశాడు. కప్పులోంచి సన్నగా పొగ లేస్తోంది. ఎవరో పొయ్యి వెలిగించారు. ఆ మాట చెప్పగానే వడ్డించేవాడు గుండుని వెనక్కి లాగేసి, అరలో పడుకోబెట్టాడు. పైన కూర్చున్న చూసేవాడు ఎంత అరిచినా వినిపించుకోలేదు.

సాయంత్రం పోరు ఆగాక అతను ఒక అడ్డాకు విస్తరి మడిచి ఫిరంగి వెనక నోట్లో పెట్టేవాడు. "ఆకు మడిచేశాం," అనేవాడు. విందులో ఆకు మడిచినవాడికి మళ్ళీ వడ్డించరు కదా, అలాగే ఆకు పెట్టాక ఆ రోజుకి ఫిరంగికీ వడ్డన లేదు. తెల్లవారేదాకా ఎవరు ఆజ్ఞాపించినా ఆ ఆకు తీసేవాడు కాదు.

ఇదంతా చూసేవాడికి తలనొప్పిగా ఉండేది. అతను మంచివాడే. కానీ పైనుంచి చూడటం అలవాటైనవాడికి కింద జరిగే మాటలు ఆలస్యంలా కనిపిస్తాయి. అతను వెళ్ళి రాజుతో చెప్పాడు.

"ప్రభూ, ఒక్కో గుండుకీ ఒక్కో ప్రశ్న. పక్క రాజ్యం బండి రెండుసార్లు కాల్చేలోగా మేం ఒకసారి మాట్లాడుకుంటున్నాం."

రాజులకి తొందరెక్కువ. ఆయన యంత్రాల మేస్త్రీని పిలిపించాడు.

"అలవని చెయ్యి చేసిపెట్టగలవా?"

"అలవని చెయ్యి చేస్తాను. అడగని చెయ్యి కూడా చేస్తాను మహారాజా. రెండూ ఒకటే ఖర్చు."

అలా వడ్డించేవాడికి సెలవిచ్చేశారు. వెళ్ళేముందు అతను తన చోటుని తువ్వాలుతో తుడిచాడు. కాల్చేవాడికి చాలా బాధేసింది. "వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా పర్వాలేదంటారు. ఇకనించి మాకు మనవాడెవరు మావా?" అన్నాడు.

"ఆకలన్నవాడికి పెట్టడం ఎవరికైనా వస్తుంది అల్లుడూ. చాలన్నవాడి ఆకులో వెయ్యకుండా ఆగాలి చూశావూ, అదే రావాలి. ఆ కొత్త చెయ్యికి వస్తుందేమో కనుక్కో," అని మూట భుజాన వేసుకుని రేవు దారి పట్టాడు.

అతని చోట ఇనుప చెయ్యి వచ్చింది. బండి అడుగున ఒక పెద్ద గుండ్రటి పళ్ళెం అమర్చారు. పళ్ళెం నిండా గుండ్లు, తలలన్నీ మధ్యకి పెట్టి పడుకున్నాయి. ఫిరంగి నోరు ఖాళీ అయితే పళ్ళెం తిరిగేది. చెయ్యి కిందనుంచి లేచి, ఒక గుండుని తీసి, నోట్లోకి తోసేది. గర్‌ర్‌ర్... టక్. మళ్ళీ గర్‌ర్‌ర్... టక్. ముగ్గురు మనుషులూ ఆ పళ్ళెం పైన కూర్చునేవారు. కాళ్ళకింద గుండ్లు తిరుగుతుంటే అరికాళ్ళు జివ్వుమనేవి.

అడగందే అమ్మైనా పెట్టదంటారు. ఈ చెయ్యి అడక్కుండానే పెట్టేది.

మొదటి రోజు సాయంత్రం పోరు ఆగాక, కాల్చేవాడు పాత అలవాటు కొద్దీ ఒక ఆకు మడిచి ఫిరంగి నోట్లో పెట్టాడు. తన చెయ్యి ఇంకా పూర్తిగా వెనక్కి తీసుకోలేదు. గర్‌ర్‌ర్ మంది. ఇనుప చెయ్యి లేచి ఆకుమీదే గుండుని తోసేసింది. ఆకు పిండయింది. అతని చొక్కా చెయ్యి మోచేతిదాకా చిరిగి గుండుతోపాటు లోపలికి వెళ్ళిపోయింది.

మేస్త్రీకి చెబితే అతను గర్వంగా నవ్వాడు. "ఖాళీ నోరు కనిపిస్తే నింపమని నేర్పాను. దానికి ఆకూ తెలీదు, చొక్కా తెలీదు."

"వద్దంటే ఆగుతుందా?"

"అది నన్నెవరూ చెయ్యమనలేదే."

"పెట్టింది వెనక్కి తీస్తుందా?"

మేస్త్రీ ఈసారి నవ్వలేదు. "పెట్టినది కాల్చడమే. తియ్యడానికి వేరే చెయ్యి కావాలి," అన్నాడు.

ఆ చేత్తో రాజు యుద్ధం గెలిచాడు. పక్క రాజ్యంవాళ్ళు ఒకసారి కాల్చేలోగా ఈ బండి మూడుసార్లు కాల్చేది. ఎవరిని కాల్చిందో మాత్రం బండిలో ఎవరికీ గుర్తుండేది కాదు. అడిగేవాడు లేనప్పుడు జవాబు తయారుగా పెట్టుకోవడం ఎందుకు?

అయినా బండిలో కొన్ని వింతలు మిగిలాయి. తోలేవాడు వంట చేస్తే ఇప్పటికీ నాలుగు వాటాలు వేసేవాడు. వద్దనుకునే కూర్చునేవాడు, చివరికి నాలుగో ముద్ద ఆకులో ఉండేది. దాన్ని బయట పెడితే కాకి వాలేది కాదు, చీమ పట్టేది కాదు. కాల్చేవాడైతే గుండు నోట్లో పడే ముందు ఖాళీ చోటు వైపు తిరిగి, "ఆ వంతెన మీదవాళ్ళకి మావా," అని చెప్పేవాడు. ఆ మాట పూర్తికాకముందే టక్ మనేది.

యుద్ధం అయిపోయాక సరిహద్దు చూసి రమ్మని రాజు ఆ బండిని రేవు వైపు పంపాడు.

అది మిట్టమధ్యాహ్నం. ఎండ తెల్లగా కాస్తోంది. గాలి లేదు, నీళ్ళలో కదలిక లేదు. బండి ఇవతలి గట్టుమీద ఆగింది. ఫిరంగి నోట్లో గుండు ఉంది. ఎప్పుడూ ఉంటుంది కదా. చూసేవాడు గాజుకన్నుకి కన్ను ఆనించాడు.

"అవతలి గట్టున మనుషులు. ఒకే వరసలో, నేలకి ఆనుకుని కూర్చున్నారు. ఒకడు వరస వెంట నడుస్తూ, ప్రతి ఒక్కడి దగ్గరా వంగి ఏదో అందిస్తున్నాడు. గుండ్లు పంచుతున్నాడు. కాల్చు."

ఏళ్ళ తరబడి యుద్ధమే చూసిన కళ్ళకి, వంగి అందించేవాడు ఇంకోలా కనిపించడు. తప్పు కళ్ళది కాదేమో.

కాల్చేవాడు తన గాజులోంచి చూశాడు. ఆ వంగే మనిషి ఊరికే అందించి సాగిపోవడం లేదు. ప్రతివాడి దగ్గరా ఆగుతున్నాడు. తల కాస్త పక్కకి వాల్చి ఏదో అడుగుతున్నాడు. కూర్చున్నవాడు ముందుకి చెయ్యి అడ్డం పెడితే నిటారుగా లేచి, తరవాతివాడి దగ్గరికి వెళుతున్నాడు.

అతను గాజులోంచి తల తిప్పి పైకి అరిచాడు.

"దొరా, ఆయన మన మావండీ! మన వడ్డించేవాడు. అది పెళ్ళి బంతి. తింటున్నారు వాళ్ళు!"

"నీకు పిచ్చి పట్టింది. కాల్చు."

"ఇంకొక్కసారి చూడండి దొరా, మీ కాళ్ళు పట్టుకుంటా."

"చూడటం నా పని. కాల్చడం నీ పని. నువ్వు చెయ్యకపోతే నా దగ్గరా ఒక తాడుంది," అన్నాడు చూసేవాడు. నిజంగానే ఉంది. ఫిరంగిని కాల్చే తాళ్ళు రెండు. ఒకటి కాల్చేవాడి దగ్గర, ఒకటి పైన.

గుండు నోట్లో ఉంది. దాన్ని వెనక్కి లాగే చెయ్యి బండిలో లేదు. పైవాడి చెయ్యి తాడు వైపు వెళుతోంది.

కాల్చేవాడు చక్రం గిర్రున తిప్పి, ఫిరంగిని నది మధ్యకి వంచి, తనే తాడు లాగాడు. నీళ్ళు చెట్టంత ఎత్తు లేచాయి. నోరు ఖాళీ అయింది. వెంటనే కాళ్ళకింద పళ్ళెం కదిలింది. గర్‌ర్‌ర్. ఇనుప చెయ్యి గుండుతో లేస్తోంది. అది నోరు నింపేస్తే పైవాడు మళ్ళీ గురి సరిచేసి కాలుస్తాడు. నింపకుండా ఆపాలి. దానికి మాట వినిపించదు, ఆకు తెలీదు.

బంతిలో కూర్చున్నవాడు చాలనుకుంటే ఏం చేస్తాడు? విస్తరి మీద చెయ్యి అడ్డం పెడతాడు. పుట్టినప్పటినించీ చేసిన పని. అతను ఆలోచించలేదు. ఫిరంగి నోటికి తన కుడిచెయ్యి అడ్డం పెట్టాడు.

"చాలు," అన్నాడు.

టక్ అనే చప్పుడు ఆరోజు రాలేదు. వచ్చిన చప్పుడు వేరు. చూసేవాడూ తోలేవాడూ దాన్ని జీవితంలో మరిచిపోలేదు. ఇనుప చెయ్యి అక్కడే బిగుసుకుపోయింది. పళ్ళెం ఆగింది.

చూసేవాడు గాజుకన్నులోంచి మళ్ళీ చూశాడు. అవతలి గట్టున అందరూ లేచి నిలబడ్డారు. ఎవరి చేతిలోనూ ఆయుధం లేదు. కుడిచేతుల నిండా పప్పన్నం. ఆ ఎంగిలి చేతులు ఎత్తి పట్టుకుని, బండి వైపే చూస్తున్నారు. చూసేవాడు గాజుకన్ను మీద అరచెయ్యి మూసేసి, పిల్లాడిలా ఏడ్చాడు.

వడ్డించేవాడు గరిటె పారేసి, నడుంలోతు నీళ్ళలో పడి ఇవతలికి వచ్చాడు. తోలేవాడూ అతనూ కలిసి కాల్చేవాణ్ణి బయటికి తీశారు. అతని కుడిచెయ్యి మణికట్టు దాకానే వచ్చింది. మిగతాది లోపలే ఉండిపోయింది.

"ఎందుకు పెట్టావు అల్లుడూ? చాలంటే వినదని నీకు తెలుసుగా," అన్నాడు వడ్డించేవాడు, తువ్వాలు చింపి కట్టుకడుతూ.

"తెలుసు మావా. వడ్డించేవాడితో మాట్లాడటానికి నాకు ఇంకో మాట రాదు."

రాజుకి కబురు అందింది. ఆయనకి ఎవరిని శిక్షించాలో తోచలేదు. ఆజ్ఞ తప్పినవాడికి చెయ్యి తీసేయడం ఆ రాజ్యంలో శిక్ష. అది ముందే అయిపోయింది. కాల్చేవాడికి బండి తుడిచే పని ఇచ్చారు. ఒక చెయ్యి చాలిన పని అదొక్కటే.

మేస్త్రీ ఇనుప చేతిని విప్పి, కడిగి, నూనె వేసి మళ్ళీ బిగించాడు. అది కదిలింది. గర్‌ర్‌ర్ మంటూ లేచింది. గుండుని ఎత్తింది. ఖాళీ నోటి ముందుకి తెచ్చి, అక్కడ ఆగిపోయింది.

కాసేపు అలాగే ఉంది. తరవాత నెమ్మదిగా వెనక్కి వెళ్ళి గుండుని పళ్ళెంలో పడుకోబెట్టింది.

వెనక్కి పెట్టడం మేస్త్రీ దానికి నేర్పలేదు. పళ్ళచక్రాలు మార్చాడు. గొలుసు మార్చాడు. పిడికిలి కొత్తది పోత పోశాడు. చివరికి పాత చేతిలో ఒక్క మేకు కూడా మిగల్లేదు. కొత్త చెయ్యీ నోటిదాకా వచ్చి ఆగింది. గెలిచాక రాజు కొత్తగా చేయించిన బండ్ల చేతులూ అలాగే ఆగాయి. ఆయుధశాలలో బండ్లన్నీ వరసగా నిలబడి, గుండ్లు ఎత్తి పట్టుకుని, దేనికోసమో ఎదురుచూసి, మళ్ళీ దించేస్తుండేవి. అటు వెళ్ళే కాపలావాళ్ళు మాటలు మానేసి నడిచేవారు.

రాజుకి కోపం వచ్చింది. "నా మాట వినని చెయ్యి నా రాజ్యంలో ఉండకూడదు. నేనే చూస్తాను," అని బయల్దేరాడు.

ఆయన మొదటి బండిలోకే దిగాడు. చూసేవాణ్ణి రమ్మంటే అతనికి ఆవేళ కళ్ళు కనపడలేదు. తోలేవాడికి ఆవేళ కాళ్ళు ఆడలేదు. రాజు ఒక్కడే కాల్చేవాడి పీటమీద కూర్చున్నాడు. పైన తెరిచిన మూత దగ్గర, తుడుపుగుడ్డ భుజాన వేసుకుని, ఒంటిచేతి మనిషి నిలబడ్డాడు.

పళ్ళెం తిరిగింది. చెయ్యి లేచింది. గుండుని ఫిరంగి నోటి ముందుకి తెచ్చి ఆగింది.

"ఊఁ, పెట్టు," అన్నాడు రాజు.

చెయ్యి కదల్లేదు.

"ఏమిటి దీని రోగం?"

"అడుగుతోంది ప్రభూ," అన్నాడు పైనున్న మనిషి.

"ఏమని?"

"ఎవరికి అని. చెబితే పెడుతుంది."

రాజు నవ్వబోయాడు. ఆ ఇరుకు చోట నవ్వు తిరిగొచ్చి తన మొహానికే తగిలింది. ఆయన్ని ఇంతవరకూ ఎవరూ ఏమీ అడగలేదు. అడగటం ఆయన పని, చెప్పడం లోకం పని. గొంతు సవరించుకుని, "శత్రువుకి," అన్నాడు.

చెయ్యి కదల్లేదు.

"అది చాలదు ప్రభూ. ఏ ఆకులో వెయ్యాలో చూపించాలి."

రాజు గాజుకన్నులోంచి చూశాడు. బయట మైదానం ఖాళీగా ఉంది. ఒక గొర్రె కూడా లేదు. యుద్ధం గెలిచి చాలాకాలమైంది. చూపించడానికి ఒక్క మొహమూ గుర్తు రాలేదు. ఇన్నేళ్ళలో తను ఎవరి మీదికి గుండ్లు పంపాడో, అందులో ఒక్కడి మొహమూ తనకి తెలీదని ఆయనకి అప్పుడు తట్టింది. ఆయన భయపడ్డాడు. భయపడ్డ రాజు అరుస్తాడు.

"ఎవరికైనా సరే! పెట్టు!"

చెయ్యి కదిలింది.

ఫిరంగి వైపు వెళ్ళలేదు. గుండుతో సహా నెమ్మదిగా వెనక్కి తిరిగింది. పైన మూత దానంతటదే పడింది. బయట ఉన్నవాళ్ళకి గర్‌ర్‌ర్ మని వినిపించింది. ఇప్పుడు టక్ మంటుందని అందరూ చెవులు మూసుకున్నారు. ఆ చప్పుడు రాలేదు.

మూత తెరవడానికి ఎవరికీ ధైర్యం చాల్లేదు. ఒకప్పుడు కాల్చినవాడు, ఇప్పుడు తుడిచేవాడు, అతనే ఎడంచేత్తో దాన్ని లాగి లోపలికి తొంగిచూశాడు.

రాజు క్షేమంగానే ఉన్నాడు. పీటమీద ముడుచుకుని కూర్చున్నాడు. గుండు ఆయన ఒళ్ళో ఉంది. చంటిపిల్లని పట్టుకున్నట్టు దాన్ని రెండు చేతులా పొట్టకి ఆనించుకున్నాడు. దాని బరువుకి చేతులు వణుకుతున్నాయి. దించుదామంటే కింద పళ్ళెం తిరిగిపోయి, దాని ఖాళీ చోటు అందకుండా పోయింది. ఇనుప చెయ్యి అడుక్కి వెళ్ళి ముడుచుకుంది, ఇక తన వంతు అయిపోయినట్టు.

రాజు తలెత్తాడు.

"ఎవరికి?" అని అడిగాడు. మళ్ళీ అడిగాడు. "ఎవరికి నాయనా?"

ఆ ప్రశ్నకి జవాబులు చెబుతూ బతికిన మనిషికి గుండె కరిగింది. గుండుని అందుకుందామని లోపలికి వంగాడు. దాన్ని ఎత్తడానికి రెండు చేతులు కావాలి. అతనికి ఉన్నది ఒకటే.